కోడేరు మీటరు

ఊళ్లకు తాగునీళ్లు పంపే మోటార్ల రీడింగులను నాగర్‌కర్నూల్ ఆఫీసులో కూర్చుని కంప్యూటర్‌లో చూడటం నా పని. ఆ ఎండాకాలం కోడేరు దగ్గరి పంప్‌హౌస్‌లో కొత్త మీటరు బిగించాం. మర్నాడు తెర మీద ఒక్క రోజులోనే మూడు వందల ఎనభై ఆరు కోట్ల లీటర్లని కనబడింది.

అక్కడి ఆపరేటర్ పాతికేళ్ల అనుభవమున్న పెద్దమనిషి. ఫోన్ చేశాను.

"భాయ్, మీటరు ఏమైనా విప్పారా?"

"నేనెందుకు ఇప్పుత మేడం? దుమ్ముంటే అద్దం తుడిచిన, గంతే. దాని మీద లక్షా ఇరవై నాలుగు వేలే చూపెడుతుంది."

నేను నమ్మలేదు. 'ఆపరేటర్ వైర్లు కదిలించి ఉండవచ్చు' అని పై అధికారికి రాశాను. రెండు రోజుల్లో ఆ ఆపరేటర్‌ను సోమశిల వైపు మరో పంప్‌హౌస్‌కు మార్చేశారు. కొత్త మనిషి వచ్చాడు. అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి.

మూడు వారాలకు నేనే కోడేరు వెళ్లాను. పాత ఆపరేటర్ చెప్పినట్టే మీటరు అద్దంలో అంకె సరిగ్గానే ఉంది. దానితో వచ్చిన పుస్తకం తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. పెద్ద అంకెను మీటరు రెండు ముక్కలు చేసి పంపుతుంది. పాత మీటరు పెద్ద స్థానాలుండే పై ముక్కను ముందు పంపేది, కొత్తది కింది ముక్కను ముందు పంపుతోంది. మా కంప్యూటర్ పాత వరుసలోనే కలిపి చదువుతోంది. సెట్టింగు మార్చడానికి నిమిషం కూడా పట్టలేదు. తెర మీది అంకె, మీటరు అంకె ఒక్కటయ్యాయి. 

అటునుంచే సోమశిల దారి పట్టాను. ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డారు. తప్పు నాదేనని చెప్పాను.

"కోడేర్ల అందరు నన్ను మీటర్ ఖరాబ్ చేసినోడన్నరు మేడం," అన్నారు మెల్లగా. "మా ఇంటామెకు గుడ ఏం జెప్పాల్నో తెల్వలే."

 తప్పు నాదని రాసి సంతకం చేసి పైకి పంపాను. నెలలోపే ఆయన కోడేరుకు తిరిగొచ్చారు.

ఇప్పటికీ పంప్‌హౌస్ తాళం తీసేముందు ఫోన్ చేస్తారు.

"లోపటికి పోతున్న మేడం."

"నాకు చెప్పాల్సిన పని లేదు భాయ్."

"మీకు తెల్సుండాలె గద," అని పెట్టేస్తారు.