విత్తనం వాళ్ళ తలుపు

ఈ సంగతిని ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఇన్నేళ్ళు మోశాను. అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది. పండక్కి కొత్త బట్ట కట్టుకుంటే గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే నా నోరు మళ్ళీ అబద్ధమే ఆడుతుంది. ఇదివరకు ఆడింది.

ముందే ఇంకొకటి చెప్పాలి, సిగ్గుగానే ఉంది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది. నా బతుకులో అంత ఉత్సాహంగా నేను మరెప్పుడూ లేను. అంత సంతోషంగా ఉన్నచోటే అంత తప్పు ఎలా చేశాను? సంతోషం వల్లే చేశానా? రాస్తూ పోతే నాకే తెలుస్తుందేమో.

మాది నారాయణపేట. మగ్గం మీద పుట్టినట్టే పుట్టాం. పొద్దున్నుంచీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీరల అంచులు నేయడం, సాయంత్రం కళ్ళు నులుముకోవడం, అంతే. ఒకరోజు ఒక ముసలాయన కంబళ్ళు, దుప్పట్లు కొనడానికి వచ్చాడు. ఆయనను మేం తర్వాత పెద్దాయన అనే పిలిచాం. అసలు పేరు ఎవరికీ చెప్పలేదు. బర్మా యుద్ధానికి పోయి వచ్చినవాడు. ఊళ్ళకు ఊళ్ళు బాంబులకు కాలిపోవడం, భూమిలో గోతులు తవ్వుకున్నవాళ్ళు మాత్రం మిగలడం కళ్ళారా చూశాడు. అంతకంటే పెద్ద మంట రాబోతోందని, దానికి ముందే కొందరం భూమి లోపలికి పోవాలని నాతో మెల్లగా అన్నాడు. కిందికి పోయినవాళ్ళకు బట్ట కావాలి గనక నేతగాడు కావాలన్నాడు. నన్ను! నారాయణపేటలో ఇన్ని మగ్గాలుండగా నన్ను ఎంచుకున్నాడు. అవ్వకు మహబూబ్‌నగర్‌లో పని దొరికిందని చెప్పి బయలుదేరాను.

అచ్చంపేట దాటాక గుట్టల్లో ఉండేది ఆ చోటు. బయటి నుంచి చూస్తే బండలు, సీతాఫలం పొదలు, అంతే. పొద తప్పించి వంగి లోపలికి పోతే గుట్ట కడుపంతా గదులే. మొదటిసారి లోపలికి పోయిన రోజు నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో! బండ సందులోంచి ఊట నీరు రాతి తొట్టిలోకి కారేది, కొబ్బరి నీళ్ళంత తియ్యగా. నేలలో తవ్విన పాతరల నిండా జొన్నలు, ఉలవలు. మేకలు, కొలిమి, గానుగ. ఉప్పు తప్ప బయటి నుంచి ఏదీ రాకూడదని నియమం. నా మగ్గాన్ని ముక్కలు చేసి మోసుకొచ్చి అక్కడ మళ్ళీ బిగించారు. మా సంఘానికి పాతర అని పేరు. బయట ఎవరన్నా విన్నా, జొన్నల పాతరే అనుకునేవారు.

లోపల కులం లేదని పెద్దాయన అనేవాడు. కాని మూడు మెట్లుండేవి. తవ్వేవాళ్ళు, మోసేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు పొట్టు. మగ్గం, కుండ, కొలిమి పనివాళ్ళం తిండి గింజలం. అన్నిటికంటే పైన విత్తనం. మంట చల్లారాక బయటికి పోయి కొత్త లోకాన్ని మొలిపించేవాళ్ళు వీళ్ళే. ముంజేతికి కట్టుకునే దారాలతో ఎవరు ఏ మెట్టో తెలిసేది. తెల్లది పొట్టుకు, పసుపుది తిండి గింజలకు, ఎర్రది విత్తనానికి. ఆ దారాలు పేనింది నేనే. గుహ నోటి దగ్గరి మొదటి గది పొట్టువాళ్ళది. దాని తర్వాత మందపాటి టేకు తలుపు. ఆ తలుపుకు లోపల మేము. పొట్టువాళ్ళలో పైన భూమి ఉన్నవాడు ఒక్కడూ లేడని, విత్తనంలో కూలికి పోయినవాడు ఒక్కడూ లేడని అప్పుడు నేను గమనించలేదా? గమనించాను. నా చేతికి ఎర్రదారం ఎప్పుడు కడతారా అనే చూస్తూ ఉండిపోయాను.

సాయిలు పొట్టువాడు. మర్రిగూడ వైపు నుంచి వచ్చాడు. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్ళు తాగి వాళ్ళమ్మ నడుము వంగి, ఇక లేవకుండానే పోయింది. పిల్లల కాళ్ళు దొడ్డికాళ్ళయి వంకరపోయేవి అక్కడ. సాయిలుకు బాంబుల మాట మీద పెద్ద నమ్మకం లేదు. ఊట నీళ్ళ కోసం వచ్చాడు. పెళ్ళాం యాదమ్మ అప్పుడు కడుపుతో ఉంది. పుట్టే బిడ్డ మంచి నీళ్ళు తాగి నిటారుగా నిలబడాలి, అదొక్కటే అతని కోరిక.

మొదట్లో అందరం తవ్వాలని నియమం ఉండేది గనక సాయిలూ నేనూ ఒక సొరంగం చెరో వైపు నుంచి తవ్వాం. అవతలివాడు ఎక్కడున్నాడో తెలియడానికి గడ్డపారతో బండ మీద కొట్టేవాళ్ళం. అతనిది ఒక తీరు. గబగబా రెండు, కాస్త ఆగి ఒకటి. ఆ చప్పుడు వింటూ, దగ్గరవుతూ, దగ్గరవుతూ, ఒక మధ్యాహ్నం బండ పగిలి సందులోంచి అతని చెయ్యి ఇటు వచ్చింది. మట్టి కొట్టుకున్న ఆ చేతిని పట్టుకుని నేను పిచ్చిపట్టినట్టు నవ్వాను. అన్నలేని నాకు అన్న దొరికాడనుకున్నాను. అతను నన్ను మగ్గపోడా అని పిలిచేవాడు.

అరవై రెండులో ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలో చేరతాయని, లోకం మునిగిపోతుందని దేశమంతా భయపడింది మీకు గుర్తుండే ఉంటుంది, లేకపోతే పెద్దవాళ్ళను అడగండి. ఊరూరా హోమాలు. ఇదే ఆ గడియ అన్నాడు పెద్దాయన. మూత వేయాలన్నాడు. గుహ నోటిని బండలతో, మట్టితో మూసేస్తాం. ఆయన చెప్పేదాకా ఎవరూ తెరవకూడదు.

మూతకు ముందు రోజు నన్ను పిలిచి నా పసుపు దారం తెంపి ఎర్రది కట్టాడు. నేను పేనిన దారమే. టేకు తలుపు కాపలా నాకు అప్పగించాడు. ఎవరు తట్టినా నీకు నువ్వుగా గడియ తీయొద్దు, వచ్చి నన్ను లేపు, తీయాలో వద్దో నేను చెబుతాను అన్నాడు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నియమానికి కట్టుబడ్డానని నేను తప్పించుకోవడానికి వీల్లేదు. లేపమన్నాడు.

సాయిలుకు నా చెయ్యి చూపించాను. అతను నవ్వి, ఇక నీతో మాట్లాడాలంటే దండం పెట్టాలేమో అని ఎగతాళి చేశాడు. నిజంగానే సంతోషించాడు. అప్పటికి అతని చేతుల్లో నెలల పాప.

మూత పడింది. ఆ సంబరం ఎలా చెప్పను! లోకం పైన అంతమవుతోంది, మేము కింద దీపాల వెలుగులో జొన్న గటక తాగుతున్నాం. పాటలు పాడుకున్నాం. ఎర్రదారం ఉన్న ఒక అమ్మాయి నా వైపు చూసింది, తర్వాత ఆమెనే పెళ్ళి చేసుకున్నాను. నేను తలుపు దగ్గర కూర్చుని నా చేతిని నేనే చూసుకుంటూ ఉన్నాను.

మరుసటి రోజు తిండ్లయ్యాక అందరూ నడుం వాల్చారు. పెద్దాయన కూడా నిద్రపోయాడు. అప్పుడు వినిపించింది.

గబగబా రెండు. కాస్త ఆగి ఒకటి.

టేకు తలుపు మందం వల్ల మాటలు రావు. చప్పుడే వస్తుంది. ఎవరో నాకు తెలుసు. ఎంతోకాలం నాకు నేను ఏమని చెప్పుకున్నానంటే, అది పెద్దాయన పెట్టిన పరీక్ష అనుకున్నానని. పచ్చి అబద్ధం. పెద్దాయన నా కళ్ళ ముందే గురక పెడుతున్నాడు. సాయిలు లోపలికి రావాలనుకుంటున్నాడు అనుకున్నాను. యాదమ్మను, పాపను తీసుకుని మా మధ్యకు వచ్చేస్తాడు. పెద్దాయనను లేపితే ఆయన మనసు కరిగి సరే అంటే? అప్పుడు అందరి చేతికీ ఎర్రదారమే. అలాంటప్పుడు నా ఎర్రదారానికి విలువేముంది? అవును, ఇదే నా బుద్ధికి తోచింది. ఇంత చిన్న ఆలోచన. మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంత చిన్న ఆలోచన చేసినవాణ్ణి నేను.

గడియ మీద చెయ్యి వేశాను. తీయలేదు. పెద్దాయన వైపు ఒక్క అడుగూ వేయలేదు. చప్పుడు చాలాసేపు వచ్చింది. తర్వాత తీరు తప్పింది, ఎలా పడితే అలా పడింది. తర్వాత ఆగిపోయింది. ఆగిపోయాక నాకు హాయిగా అనిపించింది. ఇది కూడా రాయాలి. హాయిగా అనిపించింది.

చాలాసేపటికి తలుపు మీద గడ్డపారల మోత. పెద్దాయన లేచాడు, తలుపు తీయించాడు. మొదటి గది నల్లగా మసిబారి ఉంది. దీపం ఒరిగి మేకల గడ్డికి నిప్పంటుకుందట. పొట్టువాళ్ళు మూత పగలగొట్టుకుని బయటపడి, పొగ తగ్గాక తిరిగి వచ్చారు. గుహ నోట్లోంచి ఎండ లోపలికి పడుతోంది, ఎక్కడో బండి పోతున్న చప్పుడు. లోకం అలాగే ఉంది. తలుపు పక్కనే సాయిలు బోర్లా పడి ఉన్నాడు. ఒంటి మీద కాలిన గాయం లేదు. పొగ.

మా గదులకు గాలి రావడానికి తవ్విన ఒక సన్నటి బొంద ఆ మొదటి గదిలోంచే ఉండేది. దాని నోట్లో ఎవరో తడి గోనెపట్టాలు కుక్కి ఉన్నాయి. వాటిని చూశాను. చూసి, ఆలోచించకూడదనుకున్నాను.

తలుపు చప్పుడైందా అని పెద్దాయన అడిగాడు. లేదన్నాను. అందరి ముందు అన్నాను.

నేను లేదన్నాక మిగతాది దానంతటదే అల్లుకుంది. తలుపు తట్టకపోతే సాయిలు పొగలో ఏం చేస్తున్నాడు? మేకల మీది ఆశతో మళ్ళీ లోపలికి పోయి ఉంటాడన్నారు. గడ్డి దగ్గర దీపం పెట్టింది కూడా అతనే అయి ఉంటుందన్నారు. యాదమ్మ ఏదో గట్టిగా చెబుతూనే ఉంది. నేను మగ్గం గదిలోకి పోయి చెవులు మూసుకుని కూర్చున్నాను. బయటికి వచ్చేసరికి ఆమెను, పాపను పంపించేశారు. మర్రిగూడకే. ఆ నీళ్ళకే.

లోకం మునగకపోయినా పాతర ఇంకొన్నేళ్ళు నడిచింది. పెద్దాయన పోయాక ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. ఎర్రదారం తెంపి, నేను నారాయణపేటకు వచ్చి మగ్గం మీద కూర్చున్నాను.

ఆ తర్వాత ఒక వేసవిలో యాదగిరిగుట్టకు పోయాం. మెట్ల దగ్గర ఒకామె నన్ను పేరు పెట్టి పిలిచింది. యాదమ్మ. పక్కనే కూతురు. మోకాళ్ళు లోపలికి వంగి, గోడ పట్టుకుని నడుస్తోంది ఆ పిల్ల. నా భార్య కొబ్బరికాయలు కొనడానికి పోయింది. అప్పుడడిగింది యాదమ్మ. కోపంగా కాదు, ఎంతోకాలంగా అడగాలనుకున్నది అడిగినట్టు.

"అన్నా, మేకల కోసం వోయిండని అన్నరు గద. గట్ల కాదు. మమ్ములను బయటికి తెచ్చిండు, పిల్లను నా చేతుల వెట్టిండు. లోపట మా మగ్గపోడున్నడు, గాలి బొందలకెల్లి పొగ వోతది, లేపి బయటికి తోల్కొస్త అని మళ్ళ వోయిండు. నువ్వు తలుపుకాడ్నే ఉంటివంట. సప్పుడు ఇనబడలేదా?"

మెట్లు ఎక్కేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. అతను లోపలికి రావడానికి కొట్టలేదు. మమ్మల్ని బయటికి పిలవడానికి కొట్టాడు. నేను తీయకపోయేసరికి, ఉన్న ఊపిరితో ఆ పొగ మా వైపు రాకుండా గాలి బొందను మూశాడు. నేనూ, నా భార్యా, అప్పటికి పుట్టిన నా పిల్లలూ, అందరం ఆ గోనెపట్టాల వల్ల ఉన్నాం. అప్పుడైనా చెప్పవచ్చు. వినేది ఒక్కతే. నన్ను కొడుతుందా? కొడితే ఏం?

"లేదు చెల్లె," అన్నాను. "ఏం ఇనబడలే."

ఆమె తలూపింది.

"గంతే అయి ఉంటది. ఇంటే నువ్వు తియ్యకుంట ఉంటవా."

పిల్ల చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఆ పిల్లను ఎత్తుకుని పైదాకా తీసుకుపోదామని ముందుకు పోయి, మళ్ళీ ఆగిపోయాను. ఏ ముఖంతో ఎత్తుకుంటాను?

యాదమ్మ ఇప్పుడు లేదని విన్నాను. కూతురు ఉంది. తండ్రి మేకల ఆశతో పోయాడని అక్కడ ఇంకా కొందరు అంటారట. ఆమె కోసం నేను మర్రిగూడ బస్సెక్కాను కూడా. దారిలో మాల్ అనే ఊళ్ళోనే దిగి, వచ్చే బస్సులో వెనక్కి తిరిగాను. మళ్ళీ ఎక్కుతానా? తెలియదు. ఇక్కడ మాట ఇచ్చి మీ ముందు మంచివాణ్ణయిపోవడం నాకు ఇష్టం లేదు. నన్ను క్షమించాల్సినవాళ్ళు ఇద్దరూ మట్టిలో ఉన్నారు, మూడో మనిషికి నేనెవరో కూడా తెలియదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు.

సాయిలు తలుపు తట్టాడు. నేను విన్నాను. అతనేనని తెలిసే తీయలేదు. ఇలా వరసగా ఈ మూడు మాటలు నేను ఎన్నడూ అనలేదు, నాలో నేను కూడా. ఇప్పుడు కాగితం మీద చూస్తుంటే రొమ్ము మీది నుంచి ఏదో దిగింది. దిగినందుకు సిగ్గుగా ఉంది. అయినా దిగింది.