ప్రార్థన ఇంటికి తలుపు వెయ్యరు

సహోదరులారా, సహోదరీలారా, చలి సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదని ఒకప్పుడు నా గర్వం. అరకు లోయకు పైన కొండ కొసన మా ఊరు, డిసెంబరులో పొద్దున్నే ఆవును పిలిస్తే ఆ పిలుపు మంచులో చిక్కుకుని మధ్యాహ్నానికి గాని దాని చెవిన పడదు! అలాంటి ఊళ్లో పుట్టినవాణ్ణి, నలభై దాటాక పెళ్లి చేసుకుని, నర్సు ఉద్యోగం వచ్చిన నా భార్య ఎస్తేరు వెంట, ఇంకా నడక రాని మా పాప హన్నాను చంకనేసుకుని ఐర్లాండు దేశంలో దిగాను. దిగిన రోజునే నా గర్వం విమానం మెట్ల మీద గడ్డకట్టుకుపోయింది.

ఉద్యోగం ఇచ్చినవాళ్ల క్వార్టరు ఖాళీ అయ్యేవరకూ ఉండమని ఒక ముసలాయన నడిపే దుకాణం పైన గది చూపించారు. ఎంత గది అంటే, మంచం మీద ఒళ్లు విరుచుకుంటే ఒక చెయ్యి పొయ్యి మీద, ఇంకో చెయ్యి స్నానాలగదిలో పడేవి. గోడలకు నల్లని బూజు, పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ మొలిచేది, ఆ వేగంతో మా మెట్టలో చోడి, అంటే రాగి, పండితే లోకానికంతా అంబలి పోసేవాణ్ణి. హీటరు మేం వెళ్లిన కొద్ది రోజులకే చచ్చిపోయింది. వేరే ఊళ్లో ఉండే ఇంటి యజమానికి ఫోన్ చేస్తే రేపు అన్నాడు. ఆయన రేపు మన ఏజెన్సీ రోడ్డు లాంటిది, ఎప్పుడూ వస్తూనే ఉంటుంది.

నవ్వకండి, నవ్వు ఇక్కడితో సరి. పిల్లకు దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి పాలన్నీ కక్కేసేది. ఎస్తేరు రాత్రంతా ఆసుపత్రిలో పరాయివాళ్ల పిల్లలకు దుప్పట్లు కప్పి, పొద్దున్నే వచ్చి తన పిల్ల చల్లటి పాదాలు పట్టుకుని ఏడ్చేది. "మావా, ఈ గుంట నాకు దక్కుతాదా?" అని అడిగేది. ప్రతి మాటకూ ఎదురు జోకు వేసే నేను నా మేజోళ్లు విప్పి ఆ పాదాలకు తొడిగేవాణ్ణి.

అప్పుడు ఒక ఆదివారం పొద్దున కింది దుకాణంలో మాంసం కాల్చుకునే బొగ్గుల సంచీ కనపడింది. సొంత తమ్ముణ్ణి చూసినంత సంబరం! మన కొండల్లో బాలింతకూ పసిబిడ్డకూ మంచం పక్కన నిప్పులే కదా కాపలా. మా అమ్మ నన్ను కన్నదీ నిప్పుల పక్కనే, మా నాయనమ్మ కన్నుమూసిందీ నిప్పుల పక్కనే. పొగ చెడ్డది, పొగ పోయిన నిప్పు మంచిది, ఇదే మా పెద్దలు చెప్పింది. ఆ ప్రకారమే దుకాణం వెనక పెరట్లో బొగ్గులు రాజేసి, పొగంతా పోయి తెల్లటి బూడిద పట్టేదాకా కాచుకుని, ఊరి నుంచి మోసుకెళ్లిన ఇనప మూకుట్లో పోసి గదిలోకి తెచ్చాను. కిటికీ సందుల్లో ఎస్తేరు చీరలు కుక్కాను, తలుపు కింద ఇంకో చీర కుక్కాను. మా ఊరి ఇంటికైతే కప్పులోనూ గోడల్లోనూ లెక్కలేనన్ని కంతలు, ఇల్లే ఊపిరి పీలుస్తుంది. ఈ గదికి ముక్కు లేదన్న సంగతి నాకు తట్టలేదు! గది వెచ్చబడింది. పిల్ల దగ్గు ఆగింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఎస్తేరు పిల్లను పొదువుకుని పడుకుంది. దేవుడు కనికరించాడని మురిసిపోయాను.

మా ఊరివాళ్లకు సాయంత్రం, మాకు మధ్యాహ్నం. ఊళ్లో ఆదివారం గృహప్రార్థన మా మేనత్త రూతమ్మ ఇంట్లో. ఇంట్లో సిగ్నలు అందక ఆ రోజు అందరూ బయట కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టు కింద చాప వేసుకుని కూర్చుని వీడియో కాల్ చేశారు. ఫోనును సూట్‌కేసుకు ఆనించి నేనూ మోకరించాను. తల దిమ్ముగా ఉంది, పిల్ల దగ్గుకు రాత్రుళ్లు నిద్ర లేకపోవడం వల్ల అనుకున్నాను. నా వంతు రాగానే, "పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నాను. ఆ తర్వాత మాట దొరకలేదు. మళ్లీ "తండ్రీ" అన్నాను. నాలుక రాయిలా ఉంది.

"ఒరే దానియేలూ!" అంది అత్త, ప్రార్థన మధ్యలోనే కళ్లు తెరిచి. "ఏట్రా, నోట్లో అంబలి పోసుకున్నట్టు పార్దన సేత్తన్నావు? ఆ ఎనకాల తలుపు మూసున్నాదేటి?"

"సలి, అత్తా..."

"సలైతే దుప్పటి కప్పుకో! పార్దన ఇంటికి తలుపేత్తారేట్రా? ఎనకొచ్చినోడు బయట నిలబడాలా? అక్కడికెల్లి దొరవైపోనావేటి? లెగు, బేగి తియ్యి!"

చాప మీద జనం నవ్వారు. మా సంఘంలో అది పాత ఆచారం. వానైనా, మంచైనా, కుక్కలు లోపలికి వచ్చి ముందు వరసలో కూర్చున్నా, ప్రార్థన జరిగే ఇంటి తలుపు మూయం. పక్క కొండ నుంచి ఆలస్యంగా నడిచి వచ్చేవాడికి తలుపు కొట్టే పని పెట్టకూడదని పెద్దల మాట. ఆ గదికి ఎవడు వస్తాడు? అయినా అత్త తిట్టాక తీయకుండా ఉండే మగాడు మా ఇంటిపేరులో పుట్టలేదు. లేవబోతే కాళ్లు లేవు. పాక్కుంటూ వెళ్లాను, చీర లాగాను, తలుపు తీశాను, గడప మీద బోర్లా పడ్డాను. మెట్ల మీది చలిగాలి ముఖాన కొట్టింది. వెనక్కి తిరిగి "ఎస్తేరూ" అని పిలిచాను. ఆమె కదల్లేదు. పిల్ల కదల్లేదు.

నేను పడడం ఫోన్లో చూసిన రూతమ్మ అత్త కేక పెట్టింది! ఆమె పిలిస్తే ఈ కొండన ఉన్న మేక ఆ కొండన చెవులు నిక్కించుకుంటుంది. ఆ రోజు ఆ కేక ఫోన్లోంచి, తెరిచిన తలుపులోంచి, మెట్ల మీదుగా దుకాణంలోకి దూకింది. ఏ భాషో తెలియకపోయినా అది చావు కేక అని తెలిసి దుకాణం ముసలాయన పరుగెత్తుకొచ్చాడు, నిప్పులు చూశాడు, కిటికీ బద్దలుకొట్టాడు, ఇద్దరినీ మెట్ల మీదకు ఈడ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది: ఆ నిప్పులోంచి రంగూ వాసనా లేని విషం వస్తుంది, ఇంకాస్త సేపు తలుపు మూసి ఉంటే ముగ్గురూ ప్రార్థనలోనే పోయేవారు. ఇప్పటికైనా బతుకుతారా అని అడిగేలోపే ఆమె మళ్లీ వాళ్ల దగ్గరకు పరుగెత్తింది. నా పిడికిలంత ముఖానికి నా అరచెయ్యంత ఆక్సిజన్ ముసుగు పెట్టి హన్నాను ఒక గదిలో ఉంచారు, ఎస్తేరును ఇంకో గదిలో. మధ్యలో నడవా. ఆ నడవాలో కూలబడి చేసిన ప్రార్థన ఇది: "తండ్రీ, మా తాతలు బతికిన నిప్పు ఇది. ఇది చంపుతుందని నాకెవరూ చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. నాకు ఇక్కడ అన్న లేడు, అత్త లేదు, భాష లేదు. నా నోట్లో నవ్వంతా తీసేసుకో. ఈ ఇద్దరినీ ఇచ్చెయ్." అంతే. ఆమెన్ అనడం కూడా మరిచాను.

ముందు హన్నా ఏడ్చింది. లోకంలో ఏ గాయకురాలూ అంత బాగా పాడలేదు! తెల్లవారాక ఎస్తేరు కళ్లు తెరిచింది. నన్ను చూసింది, పిల్ల ఉందా అని కళ్లతోనే అడిగింది, ఉందన్నాను. అప్పుడు గది గుమ్మం వైపు చూసి నీరసంగా అంది: "మావా, ఆ తలుపెవులు తీసేరు? సలేత్తంది, వెయ్యి." పెళ్లయ్యాక మొట్టమొదటిసారి నేను ఆమె మాట వినలేదు.

అంతా ఒక్క రోజులో బాగైపోయిందని చెప్పను. ఎస్తేరుకు చాలాకాలం తలపోటు ఉండేది, మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక మాట జారిపోయి వెతుక్కునేది. ఇప్పటికీ నిప్పు వాసన వస్తే ముందు లేచి తలుపులూ కిటికీలూ అన్నీ తీస్తాను. కాని హన్నా నడుస్తోంది, అత్తలాగే కేకలేస్తోంది, దేవునికే మహిమ! క్వార్టరు దొరికింది. ఆదివారం ప్రార్థనకు తలుపు తెరిచే ఉంచుతాం. ఆ దుకాణం ముసలాయన బస్సెక్కి వచ్చి కోటు విప్పకుండా వెనక కూర్చుంటాడు, ఒక్క తెలుగు ముక్క అర్థం కాకపోయినా పాట అయ్యేదాకా కదలడు. నా నోట్లో నవ్వు కూడా ప్రభువు తీసుకోలేదు, అది మీకు తెలుస్తూనే ఉంది.

ప్రియులారా, ఇది చదువుతున్న మీలో ఎవరైనా దూరదేశంలో, ముక్కు లేని గదిలో, సందులన్నీ కుక్కుకుని, ఎలాగోలా వెచ్చగానే ఉన్నాం అనుకుంటూ మగతలో ఉన్నారేమో. నిలబడలేకపోతే పాక్కుంటూనైనా వెళ్లి తలుపు తియ్యండి, యేసయ్యను నమ్మండి. ఎనకొచ్చినోడు బయట నిలబడాలా అని అడిగింది మా అత్త. ఆ రోజు బయట నిలబడి ఉన్నది ఎవరో నాకు తెలుసు.