కొండ మీదికి మోసే పెద్ద తుపాకీ

2007లో నేను కువైట్‌లో ఉన్నాను. అర్దియాలో ఒక వేట సామాన్ల దుకాణం, దాని వెనకే చిన్న వర్క్‌షాప్. లైసెన్సు ఉన్న కువైటీలు తమ వేట తుపాకులు మా దగ్గరికి తెచ్చేవాళ్ళు. మాది అమలాపురం పక్కన పల్లె, ఇంటిల్లిపాదీ వడ్రంగం. కువైట్‌కి వచ్చింది సోఫాలు చేయడానికి. తుపాకీలో భుజానికి ఆనించుకునే వెనక భాగాన్ని స్టాక్ అంటారు. మా కఫీల్, అంటే నన్ను వీసా మీద రప్పించుకున్న యజమాని, ఒకసారి విరిగిన స్టాక్ ఒకటి తెచ్చి నా ముందు పడేశాడు. అతికించి ఇచ్చాను. అక్కడితో నా సోఫాల బతుకు ఖలాస్. బొద్దింకని చూస్తే మంచమెక్కే నన్ను అబ్బాసియాలో నేనుండే రూములో వాళ్ళు "తుపాకీ సత్యం" అని ఏడిపించేవాళ్ళు.

ఆ వేసవిలో బూ నాసర్ వచ్చాడు. మనిషిని పెద్ద కొడుకు పేరుతో "ఫలానా వాడి తండ్రి" అని పిలవడం అక్కడి మర్యాద. నాసర్ తండ్రి కాబట్టి బూ నాసర్. రిటైరైన మనిషి, తెల్ల గడ్డం, నెమ్మదైన మాట. వెనకాలే ఆయన డ్రైవర్ ఓబులేసు. కడప వైపు మనిషి. నాకంటే రెండేళ్ళు పెద్దవాడే, అయినా నన్ను "అన్నా" అనేవాడు, యజమానిని "బాబా" అనేవాడు.

"మధ్య ఆసియా కొండల్లోకి ఐబెక్స్ వేటకి వెళ్తున్నాను. తుపాకీని వీపున తగిలించుకుని మోయగలగాలి. అవతలి కొండ మీద ఉన్నదాన్ని కూడా అందుకోవాలి. క్యాలిబర్ మాత్రం పెద్దది కావాలి, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పెద్దది" అన్నాడు బూ నాసర్. మేము మాట్లాడుకున్నది అరబ్బీ, హిందీ కలిపిన కిచిడీ భాషలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఐబెక్స్ అంటే వెనక్కి వంగిన కొమ్ములుండే కొండమేక. క్యాలిబర్ అంటే బ్యారెల్ రంధ్రం వెడల్పు, అంటే తూటా లావు. పెద్ద క్యాలిబర్ తూటా దూరం వెళ్ళినా దెబ్బలో సత్తువ అంతగా తగ్గదు, నిజమే. కానీ అంత బలంగా తూటా ముందుకు పోతే తుపాకీ అంత బలంగానూ వెనక్కి తంతుంది. బరువున్న తుపాకీ ఆ తన్నుని కొంత తనే మింగుతుంది. తేలిక తుపాకీ మొత్తం మీ భుజానికే అప్పజెబుతుంది. మోసేవాడికి తేలిక కావాలి, పేల్చేవాడికి బరువు కావాలి. ఇద్దరూ ఒకడే అయినప్పుడు మా బోటి వాళ్ళకి తలనొప్పి.

షెల్ఫులో అన్నిటికంటే పెద్ద క్యాలిబర్ త్రీ థర్టీ ఎయిట్ ఉంది, దానికంటే చిన్నది త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్ ఉంది. ఆ దూరానికి, ఆ జంతువుకి రెండోది చాలని చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "చిన్నది నాకు చెప్పకు. చిన్నదానితోనే మోసపోయాను."

ఏమిటా మోసం అని అడిగితే చెప్పాడు. కొన్నేళ్ళ కిందట అన్నదమ్ములిద్దరూ అదే కొండలకి వెళ్ళారట. తుపాకీ ఎంచి తెచ్చింది తమ్ముడు బూ యూసుఫ్. ఈయన పేల్చాడు. తూటా మేక వెనక కాళ్ళ వైపు ఎక్కడో తగిలింది. అది కుంటుకుంటూ శిఖరం దాటిపోయింది. నెత్తుటి చుక్కలు పట్టుకుని చీకటి పడేదాకా వెతికారు, మర్నాడూ వెతికారు, దొరకలేదు. "అది హలాల్ కాలేదు, బతకనూ లేదు. దాని పాపం నా మెడకి చుట్టుకుంది" అన్నాడు. ఊరికొచ్చాక దివానియాలో, అంటే మగవాళ్ళంతా చేరి కబుర్లాడుకునే గదిలో, అందరి ముందూ తమ్ముడు తెచ్చిన తుపాకీ పిల్లల బొమ్మ అన్నాడట. తమ్ముడు బదులు చెప్పకుండా టీ తాగి లేచి వెళ్ళిపోయాడు. దివానియాలో అన్న మాట సాయంత్రానికల్లా చుట్టాలందరి ఇళ్ళకీ చేరుతుంది. ఆ తర్వాత బూ యూసుఫ్ ఆ గడప తొక్కలేదు. పండగకి పండగకి మసీదు దగ్గర సలాం, అంతే.

"ఈసారి పెద్ద దానితో ఒక్క దెబ్బకి పడగొట్టి వస్తాను. అప్పుడు వాడికే అర్థమవుతుంది" అన్నాడు.

మా కఫీల్ నా చెవిలో, పాత గిరాకీ, అడిగింది ఇచ్చెయ్ అన్నాడు. సరే, రేంజ్‌కి, అంటే గురి చూసి పేల్చుకునే మైదానానికి, తీసుకెళ్ళి చూద్దాం అన్నాను. బూ నాసర్ టీ తాగుతుండగా ఓబులేసు నన్ను బయట ఏసీ డబ్బా వెనక్కి లాగాడు.

"అన్నా, ఒక మాట సెప్తా, నా పేరు మాత్రం ఎత్తద్దు. పేల్చేటప్పుడు బాబా కండ్లు మూసుకుంటాడు. పక్కన నిలబడి సూస్తాండా గదా."

"ఓరి, మరి ఆయనకి సెప్పలేదేంటి?"

"నేనెట్ల సెప్పల్లన్నా? ఇఖామా ఆయన సేతిలో ఉండాది. నీకైతే తుపాకీ పని తెల్సు, నువ్వే ఏదో ఒగటి సెయ్యి. ముసలాయన మంచోడు. తమ్ముని ఫోటో కార్లో పెట్టుకోని తిరుగుతాండాడు."

ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, అది యజమాని దయ. ఇక కళ్ళు మూసుకోవడాన్ని మా పనిలో ఫ్లించ్ అంటారు. మోత, తన్ను వస్తున్నాయని ఒళ్ళు ముందే భయపడి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో బిగుసుకుపోతుంది. తుపాకీ మూతి కిందికి దిగుతుంది. తూటా ఎక్కడికో పోతుంది. ఇది ఎంతటివాడికైనా ఉండొచ్చు, ఉన్నట్టు మాత్రం వాడికి తెలియదు, ఎందుకంటే అప్పుడు కళ్ళు మూసుకునే ఉంటాడు. ఇలాంటి మనిషికి తేలికపాటి త్రీ థర్టీ ఎయిట్ ఇవ్వడమంటే మంటలో నెయ్యి పోయడమే. మళ్ళీ ఒక మేక కుంటుకుంటూ పోతుంది. మళ్ళీ దివానియాలో ఎవరినో ఒకరిని తిట్టాల్సి వస్తుంది. ఇక ఆ అన్నదమ్ములు ఈ జన్మకి కలవరు.

రేంజ్‌లో తెల్లవారుజామునే చాప పరిచాం. "లోడ్ చేసేది నేనే, మీరు పేల్చండి చాలు" అన్నాను. త్రీ థర్టీ ఎయిట్‌లో మొదటి రెండూ అసలు తూటాలే పెట్టాను. బూ నాసర్ భుజం అదిరింది, పళ్ళు బిగించి "బాగుంది" అన్నాడు. గురి అట్ట మీద చూస్తే ఒకటి మూలకి తగిలింది, రెండోది అసలు లేదు. మూడోసారి డమ్మీ పెట్టాను. డమ్మీ చూడ్డానికి తూటాలాగే ఉంటుంది, లోపల మందు ఉండదు. కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు చెప్పకుండా మధ్యలో కలుపుతాం. అంత పెద్దమనిషికి పెట్టడం మాత్రం అదే మొదలు.

ఆయన ట్రిగ్గర్ నొక్కాడు. టిక్ మని చిన్న చప్పుడు. పేలలేదు, తన్నలేదు. కానీ తుపాకీ మూతి జానెడు కిందికి దిగింది, ఆయన భుజం చెవి దాకా లేచింది, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఓబులేసు తల తిప్పేసుకుని ఇసుకలోకి చూస్తున్నాడు.

బూ నాసర్ పడుకునే కళ్ళు తెరిచి, కిందికి దిగిన తుపాకీ మూతిని చూశాడు. తిడతాడేమో, మా కఫీల్‌కి ఫోన్ చేస్తాడేమో అనుకున్నాను. "మళ్ళీ పెట్టు. ఏది పెట్టావో చెప్పకు" అన్నాడు. పెట్టాను. మళ్ళీ అదే. ఇంకోసారి పెట్టమన్నాడు. ఇంకోసారీ అదే.

లేచి కూర్చుని ఓబులేసు ఇచ్చిన టీ అందుకున్నాడు గానీ తాగలేదు. "ఆ రోజు కొండ మీద కూడా ఇలాగే చేశానంటావా?"

"నేను అక్కడ లేను కదా బూ నాసర్, నాకెలా తెలుస్తుంది?"

"నాకు తెలుసు" అన్నాడు. "తుపాకీని తిట్టాను. తెచ్చినవాణ్ణి తిట్టాను. వాడు నాకంటే బాగా చూశాడు అక్కడ, నా పక్కనే పడుకుని. నా కళ్ళు మూసుకోవడం చూసే ఉంటాడు. అయినా అందరి ముందూ ఒక్క మాట అనలేదు."

ఆ మాటకి నాకు నిజంగా బాధేసింది. పెట్టెలో తూటాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఆ వేసవంతా ఆయన వస్తూనే ఉన్నాడు. చిన్న తుపాకీతో మొదలుపెట్టి, డమ్మీలు కలుపుకుంటూ, కళ్ళు తెరిచి ఊపిరి వదులుతూ నొక్కడం అలవాటు చేసుకున్నాడు. ఈ వయసులో పలకా బలపం పట్టించావని నన్ను దెప్పేవాడు. చివరికి త్రీ హండ్రెడ్ ఖాయం చేశాం. బ్యారెల్ మరీ సన్నం కాకుండా కాస్త లావుది, స్టాక్ మడతపెట్టేది. వీపున వేసుకుంటే కొండెక్కొచ్చు, పేలిస్తే భుజం ఓర్చుకుంటుంది.

స్టాక్ పొడవు కొలవడం ఒక్కటే మిగిలిందనగా, ఓబులేసు ముందుగా వచ్చి వర్క్‌షాప్‌లో స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నిన్న దివానియాలో టీలు పోస్తాంటి అన్నా. తమ్మునికి బాబానే ఫోన్ జేసి పిల్సినాడు. అందరూ కూసున్యాక సెప్పినాడు, ఆ తుపాకీ మంచిదే, నేనే కండ్లు మూసుకుంటి, తప్పు నాది అని."

"తమ్ముడేమన్నాడు?"

"ఏమంటాడు? లేసొచ్చి అన్న నెత్తిన ముద్దు పెట్టినాడు. నేను వంటింట్లోకి పోయి ఏడిస్తి."

ఆ సాయంత్రమే అన్నదమ్ములిద్దరూ దుకాణానికి వచ్చారు. బయట ఎండ మాడ్చేస్తోంది, ఇద్దరి చేతుల్లోనూ ఫర్వాలున్నాయి. ఫర్వా అంటే చలికాలంలో వేసుకునే గొర్రె ఉన్ని కోటు. తెమ్మన్నది నేనే. కువైట్‌లో తరచూ జరిగే పొరపాటొకటుంది. దిష్‌దాషా అనే పల్చటి పొడుగు అంగీ మీద కొలత తీసుకుని స్టాక్ కోయించుకుంటారు, మంచు కొండ మీద మందపాటి కోటు వేసుకోగానే అది పొడుగైపోతుంది, గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, కంటికి అందదు. ఏసీ పెద్దది చేసి ఇద్దరికీ కోట్లు తొడిగాను. చెమటలు కారుతుంటే ఒకరినొకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

"ఎవరికి కొలవమంటారు?" అన్నాను.

"ఇద్దరికీ" అన్నాడు బూ నాసర్. తమ్ముడి చేతులు పొడుగు. అందుకని అన్నకి సరిపోయేలా పొట్టిగా కోసి, తమ్ముడు పేల్చేటప్పుడు వెనకాల తగిలించుకునే పలక ఒకటి అమర్చాను.

చలికాలంలో తిరిగొచ్చి, ఖర్జూరం పెట్టెతో దుకాణానికి వచ్చారు. ఎవరు కొట్టారని అడిగాను.

"వీడే" అన్నాడు బూ నాసర్. "ఒక్కటే తూటా. పరుగెత్తి వెళ్తే పడినచోటే ఉంది. బిస్మిల్లా అని కత్తి నేను పెట్టాను."

"అన్నే కొట్టాల్సింది. చూపు కుదిరింది, కళ్ళు తెరిచే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. ఉన్నట్టుండి తుపాకీ నా వైపు జరిపాడు" అన్నాడు బూ యూసుఫ్.

"వాడి పలక వాడికి వేసి మరీ ఇచ్చాను" అన్నాడు అన్న.

ఆ తర్వాత ఆ పనిలో చాలా ఏళ్ళున్నాను. పెద్ద క్యాలిబర్ కావాలని ఎవరొచ్చినా దూరం, బరువు, జంతువు అన్నీ అడిగేవాణ్ణి. వాటన్నిటికంటే ముందు టీ ఇచ్చి, "ఎవరితో వెళ్తున్నారు?" అని అడిగేవాణ్ణి.