చిన్నక్క సామాను పట్టే బండి

ఆండర్సన్‌పేటలో ఎవరు ఊరు వదిలి పోతున్నారో అందరికంటే ముందు తెలిసేది ఆంజినప్పకే. బంగారు గనులు మూతపడ్డాక బతుకుతెరువు కోసం బెంగళూరుకు తరలిపోయే కుటుంబాల మంచాలు, బీరువాలు, బిందెలు తన పికప్ బండిలో వేసుకుని కొత్త ఇంటి గుమ్మం దాకా చేర్చి రావడమే అతని పని. ఈ ఊళ్ళో సగం మందిని బెంగళూరుకు మోసింది నేనే అని అప్పుడప్పుడు గొప్పలు పోతాడు. ఆ మాటలో అబద్ధం లేదు. గొప్ప ఏముందో మాత్రం అతనెప్పుడూ ఆలోచించినట్టు లేదు.

అతని నాన్న పుంగనూరు పక్కనుంచి వచ్చి గనిలో దిగినవాడు. ఆంజినప్ప కూడా ఇరవైరెండేళ్ళకు గనిలో చేరాడు. నాలుగేళ్ళు తిరక్కముందే గని మూసేశారు. అప్పటికే కుదిరిన పెళ్ళి ఒకటి ఉండేది. ఆడపిల్లవాళ్ళు గనిలో పనిచేసేవాడికి పిల్లనిస్తామన్నారు గానీ గని లేనివాడికి ఇస్తామనలేదు కదా! మంచి ముహూర్తాలు లేవని కబురు పంపారు. ఆ తర్వాత ఒకటి రెండు చోట్ల మాటలు నడిచి ఆగిపోయాయి. అమ్మా నాన్నా పోయాక ఆ మాటలు నడిపేవాళ్ళు కూడా లేకపోయారు. ఇప్పుడు అతనికి యాభై.

అతని పాత బండికి, గని కార్మికుల ఇళ్ళ వరసైన లైనులో వాళ్ళు 'నైట్ షిఫ్టు' అని పేరు పెట్టారు. పొద్దున బయలుదేరినా చీకటి పడితే గానీ చేరదని. చదును రోడ్డు మీద దానికి వంక పెట్టలేం. కాస్త ఎత్తు కనబడిందంటే చాలు, దగ్గు మొదలయ్యేది. కామసముద్రం పక్కన మామిడికాయలు ఎత్తుకుని ఏటవాలు రోడ్డెక్కాలంటే దిగి నెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒక మోస్తరు సంసారాన్ని కూడా అది ఒకే విడతలో మోయలేదు. మొదటి రోజు బీరువా, మంచాలు. మర్నాడు గిన్నెలు, మనుషులు. ఆ రెండు రోజుల నడిమి రాత్రి ఖాళీ ఇంట్లో పండుకోబోయే కుటుంబానికి అన్నం పెట్టేది చిన్నక్క.

చిన్నక్కది ఆంజినప్ప పక్కిల్లు. పాత గని లైన్లలో ఇళ్ళకు మధ్య గోడ ఒకటే. భర్త గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై పన్నెండేళ్ళ కిందట పోయాడు. ఒక్కతే కూతురు నయన. చిన్నక్క పొద్దున వాకిట్లో ఇడ్లీలు అమ్ముతుంది, సాయంత్రం సంగటి కెలుకుతుంది. సంగటి దించగానే గరిటెతో గోడమీద రెండు దెబ్బలు కొడితే, ఇవతల ఆంజినప్ప చేతులు కడుక్కుని బయలుదేరతాడు. ఇది పదేళ్ళుగా నడుస్తున్న ఏర్పాటు. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తులేదు. అతను కామసముద్రం రైతుల దగ్గర రాగులు తెచ్చి పడేస్తాడు, గ్యాస్ బండ మోసుకొస్తాడు, మోకాలి నొప్పికి ఆమెను ఆసుపత్రికి తీసుకుపోతాడు. ఆమె కంటే ఎనిమిదేళ్ళు చిన్న. అక్కా అంటాడు. అంతకు మించి ఆ ఇంటికి అతనికి ఏ చుట్టరికమూ లేదు.

నయన పెళ్ళై బెంగళూరు కృష్ణరాజపురంలో కాపురం పెట్టి ఎనిమిదేళ్ళయింది. వెళ్ళినప్పటి నుంచి తల్లిని రమ్మని ఒకటే పోరు. చిన్నక్క దగ్గర దానికి ఒకే జవాబు ఉండేది.

"ఆంజినప్ప బండిలో నా సామాను యాడ పట్తాదే? వాడు పెద్ద బండి తీసినప్పుడు వస్తాలే."

"వేరే బండి పంపిస్తానమ్మా," అనేది నయన.

"ముక్కూ మొగం తెలీనోళ్ళ బండిలో నా సామాను ఎక్కించేదే లేదు."

ఆ మాట వినబడినప్పుడల్లా ఆంజినప్ప నవ్వుకునేవాడు. సంగటి ముద్ద పులుసులో ముంచుకుని, "అవునమ్మా, నా బండి తట్టుకోలేదు," అని వంత పాడేవాడు. అంతటితో ఆ సంగతి మళ్ళీ పండక్కి వాయిదా పడేది.

గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూస్తే ఏ ఇంటి సామాను ఎన్ని విడతలో చెప్పేయగలడు ఆంజినప్ప. చెప్పింది ఎన్నడూ తప్పలేదు. అలాంటివాడు రోజూ కూర్చుని తిన్న ఆ ఒక్క ఇంటిని మాత్రం పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ కంటితో చూడలేదు.

కిందటి వేసవిలో మోహన్‌కుమార్ కుటుంబాన్ని తీసుకుపోతుంటే హొసకోట దాటాక ఫ్లైఓవర్ మధ్యలో నైట్ షిఫ్టు ఆగిపోయింది. వెనక వాహనాల హారన్లు చెవులు బద్దలు కొడుతుంటే మోహన్‌కుమార్ భార్య దిగి, టీవీ చంకలో పెట్టుకుని ఎండలో పైదాకా నడిచింది. ఆ కథ ఆండర్సన్‌పేటకు ఆంజినప్ప కంటే ముందే చేరింది. తర్వాత నెలన్నర అతన్ని ఎవరూ పిలవలేదు. ఇళ్ళు ఖాళీ అవుతూనే ఉన్నాయి, వేరేవాళ్ళ బండ్లు వచ్చి పోతూనే ఉన్నాయి. అతను వాకిట్లో కూర్చుని చూస్తూ ఉన్నాడు. అవమానం ఒక పక్క, రేపు ఎలా గడుస్తుందన్న దిగులు ఇంకో పక్క. ఆఖరికి పాత బండిని సుగటూరు రైతు సుబ్బరాయప్పకు అమ్మేశాడు. అక్కడ చదును నేల, పాలక్యాన్లు, పశువుల మేత తప్ప మోసేదేమీ లేదు. ముసలితనంలో దానికి మంచి ఇల్లే దొరికింది.

అప్పు చేసి కొన్న కొత్త పికప్ తెల్లగా, ఎత్తుగా, రెండు రెట్లు పొడవైన తొట్టితో లైనులోకి వచ్చిన రోజు చిన్నక్క చేసిన హడావిడి అంతా ఇంతా కాదు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, గుమ్మడికాయ దిష్టి తీసింది, పసుపు కుంకుమ పెట్టి ముందు సీట్లో తనే మొదట ఎక్కి కూర్చుంది. ఇద్దరూ బంగారపేట రోడ్డు దాకా ఒక రౌండు వేసి వచ్చారు. ఎత్తు రోడ్డు మీద బండి గేరు కూడా మార్చకుండా ఎక్కేస్తుంటే ఆమె చిన్నపిల్లలా డ్యాష్‌బోర్డు పట్టుకుని నవ్వింది.

"ఇది బండి గాదు ఆంజినప్పా, ఇమానం!"

ఆ రోజు అతనికి కలిగినంత సంతోషం మళ్ళీ కలగలేదు. ఆ సంతోషంలోనే బండి పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు.

సాయంత్రం సంగటి తింటుండగా చిన్నక్క ఫోన్ మోగింది. నయన. స్పీకర్ పెట్టమంది.

"మామా, ఫోటో చూసినాను! బలే ఉండాది బండి."

"ఒకటిన్నర టన్ను ఎత్తుతాది నయనమ్మా. పవర్ స్టీరింగు."

"అయితే ఇంగ అమ్మ సామాను పట్తాదా?"

అడిగింది కూతురు. వింటున్నది తల్లి. చెప్పాల్సినవాడు మాత్రం అప్పుడు బండి కొన్న మనిషి. నెలన్నరగా ఊరంతా నవ్వుతుంటే భరించిన మనిషి. ఛాతీ విరుచుకుని అన్నాడు:

"మీ అమ్మ సామానేంది తల్లీ! ఈ లైను మొత్తం ఎక్కించినా ఇంగా జాగా మిగులుతాది!"

అవతల నయన కేరింతలు కొట్టింది. ఇంకో రెండు నెలల్లో మళ్ళీ ఉద్యోగానికి పోవాలి, చంటిపిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియక ఏడుస్తున్నాను, దేవుడే నీతో బండి కొనిపించినాడు మామా అంది. ఆంజినప్ప తలెత్తి చూస్తే చిన్నక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అతన్నే చూస్తోంది. ఏదో తప్పు జరిగిందని అతనికి అర్థమైంది గానీ, అనేసిన మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

"ఆషాడం పోనీలే నయనా. శ్రావణంలో వస్తాను," అంది చిన్నక్క. ఆ పూట పులుసు మళ్ళీ వడ్డించడం కూడా మరిచిపోయింది.

ఆషాఢం నెల రోజులు. ఆ నెల రోజులూ ఆంజినప్పకు చేతినిండా మామిడికాయల గిరాకీ. తిరిగి తిరిగి వచ్చి, రోజూ అదే చోట కూర్చుని తిన్నాడు. ఆమె ఏ పూటైనా నేను పోవడం లేదులే అంటుందేమోనని చూశాడు. ఆమె అనలేదు. పోవద్దని తనే చెబుదామని రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఏ వరసతో చెప్పాలి? కన్నకూతురు రమ్మంటుంటే పక్కింటివాడు వద్దనడమేమిటి? నాకు సంగటి పెట్టేవాళ్ళు ఉండరు అంటే తిండి కోసమే అనుకుంటుంది. తిండి కోసం కాదు అంటే మరి దేనికోసం? అక్కడికి వచ్చేసరికి అతని ఆలోచన ప్రతిసారీ ఆగిపోయేది. నీళ్ళు తాగి లేచిపోయేవాడు.

శ్రావణంలో మంచి రోజు చూసి తెల్లవారగానే బండిని గుమ్మానికి ఆనించాడు. లైనులో ఇల్లు ఖాళీ అయ్యేటప్పుడు ఇరుగుపొరుగు తలా ఒక వస్తువు మోసి ఎక్కించడం గని కాలం నుంచి ఉన్న ఆనవాయితీ. ఇప్పుడు మిగిలిన నాలుగిళ్ళ వాళ్ళే వచ్చారు. గుమ్మంలో నిలబడి లోపలికి చూడగానే, ఒక్క వస్తువు కదపకముందే ఆంజినప్పకు లెక్క తెలిసిపోయింది. ఒక మంచం, ఒక బీరువా, రెండు ట్రంకు పెట్టెలు, గ్యాస్ పొయ్యి, ఇడ్లీ పాత్రలు, రుబ్బురోలు, దేవుడి పటాలు. ముప్పావు గంటలో ఎక్కించడం అయిపోయింది. తొట్టిలో సగం ఖాళీగా ఉంది. మూటలు దూరంగా జరిపి పెట్టినా ఖాళీగానే కనబడింది. ఇదంతా నైట్ షిఫ్టులో హాయిగా పట్టేది. ఎనిమిదేళ్ళ కిందట కూడా పట్టేది.

చిన్నక్క కూడా చూసింది.

"ఇంతేనా?" అంది, ఎవరినీ అడగకుండా.

అతను తాడు బిగించే పనిలో పడ్డాడు.

పాత బండి అయితే దారిలో మూడు చోట్ల ఆపి ఇంజను చల్లార్చాలి. టీ తాగాలి, నీళ్ళు పోయాలి. దింపాల్సిన ఊరు ఎంతకీ వచ్చేది కాదు. కొత్త బండికి అలాంటి అవసరాలు ఏమీ లేవు. నరసాపురం దాటింది తెలియలేదు. హొసకోట దాటాక ఫ్లైఓవర్‌ను మాట మాత్రం అనకుండా ఎక్కి దిగేసింది. నలభైలో పోనిచ్చినా వెనకవాళ్ళు హారన్ కొట్టి తరుముతారు. ఇంత మంచి బండిని అతను జీవితంలో మొదటిసారి తిట్టుకున్నాడు. టీ తాగుదామా అక్కా అంటే, ఎండెక్కక ముందే పోదాంలే అంది ఆమె. రెండున్నర గంటల్లో కృష్ణరాజపురంలో ఉన్నారు.

నయన ఇల్లు రెండో అంతస్తు. అల్లుడు శశికుమార్, అతని స్నేహితుడు కలిసి సామానంతా చేరవేశారు. రుబ్బురోలు పెట్టడానికి చోటు లేక దాన్ని మెట్ల కిందే వదిలేశారు. నయన కాఫీ ఇచ్చింది, చంటిపిల్లను తెచ్చి మామయ్య చేతుల్లో పెట్టింది. శశికుమార్ బాడుగ ఇవ్వబోతే ఆంజినప్ప తీసుకోలేదు. అందరికీ చెప్పి కిందికి దిగాడు. చిన్నక్క మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ బండి దాకా వచ్చింది.

"పైకి పోక్కా. మల్లీ ఎక్కల్ల గదా," అన్నాడు.

"చిన్న బండిలో గూడా పట్టేది ఆంజినప్పా."

అతను తొట్టిలోంచి తాడు తీసి చుట్ట చుట్టసాగాడు.

"నాకు తెలుసు. నీకూ తెలుసు. నయనకే తెలీదు."

"అవునక్కా."

"మరి ఆ పొద్దు ఫోన్లో ఎందుకట్ల అంటివి? పట్టదు అని ఒక్క మాట అనింటే చాలు గదా. నేను వచ్చేదాన్ని గాదు."

ఆంజినప్ప బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. బండి మీద మోజులో నోరు జారినాను అని చెప్పడానికి సిగ్గేసింది. ఆఖరికి అదే చెప్పాడు.

"బండి గురించి అడిగినాదనుకున్న్యానక్కా. నీ గురించని తట్టలేదు."

"నువ్వే పొమ్మంటా ఉండావనుకున్న్యాను నేను," అంది చిన్నక్క. "ఆషాడమంతా చూసినాను. ఏమన్నా అంటావేమోనని."

పైనుంచి నయన పిలిచింది. చంటిపిల్ల ఏడుస్తోంది. చిన్నక్క కొంగుతో మొహం తుడుచుకుని, "జాగ్రత్తగా పో. ఏదో ఒకటి వండుకో, ఏమీ తినకుండా సుమ్నే పండుకోవద్దు," అని వెనక్కి తిరిగింది. ఆమె ఒక్కో మెట్టూ ఎక్కి మలుపు తిరిగేదాకా అతను అక్కడే ఉన్నాడు.

ఖాళీ బండి తిరుగు దారిలో ఇంకా తేలిగ్గా పరిగెత్తింది. మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఆండర్సన్‌పేటలో ఉన్నాడు. ఇన్నేళ్ళలో బెంగళూరు పోయి ఎండ ఉండగా తిరిగి రావడం అతనికి అదే మొదటిసారి. లైనులో బండి ఆపి, ఇంజను కట్టేసి, తాళంచెవి చేతిలో పట్టుకున్నాడు. పొద్దు గూకడానికి ఇంకా మూడు గంటలకు పైనే ఉంది. దిగి ఏం చేయాలో తోచక ఆంజినప్ప సీట్లోనే కూర్చుండిపోయాడు.