మా మేనత్త మొక్కు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ ఇప్పటిలా ఉండేది కాదు. మెట్రో స్తంభాలూ, చైతన్యపురి హాస్టళ్ళూ చాలా తరువాతి సంగతి. మేం గడ్డిఅన్నారంలో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు చిన్న వరండా, వీధి చివర బోరింగు. ఇంటి వెనక ద్రాక్షతోట ఒకటి ఉండేది. దాని కంచె మీదే మా బట్టలు ఆరేసేవాళ్ళం. మా నాన్న బస్సు కండక్టరు. పెళ్ళయిన కొత్తలో నల్లగొండ పక్క పల్లె నుంచి అమ్మను వెంటబెట్టుకొని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

నేను మూడో తరగతి చదువుతున్న ఏడు, శ్రావణ మాసంలో అమ్మకు నాలుగో కాన్పు అయింది. ఆడపిల్ల పుట్టింది. అప్పటికే నా తరువాత ఒక చెల్లెలు, దాని తరువాత ఇంకా మాటలు సరిగా రాని తమ్ముడు ఉన్నారు. కాన్పు కష్టమై అమ్మ బాగా నీరసించిపోయింది. లేచి నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. వచ్చి ఆదుకోవడానికి అమ్మమ్మా లేదు, నాయనమ్మా లేదు. అమ్మ తరువాత ఇంట్లో ఆడమనిషంటే నేనే.

నిజం చెప్పాలంటే అదేమీ అప్పట్లో నాకు కష్టంగా తోచలేదు. "మా పెద్దది ఉన్నది గదా, అదే అన్ని చూసుకుంటది" అని అమ్మ ఎవరితోనైనా అంటే నా ఒళ్ళు పొంగిపోయేది. పొద్దున్నే బోరింగు దగ్గరికి పోయి బిందెలో సగానికి నీళ్ళు పట్టి తెచ్చేదాన్ని. చెల్లెలికి జడ వేసేదాన్ని. తమ్ముణ్ణి చంకన వేసుకొని పాలకూ, ఉప్పుకూ, చింతపండుకూ దుకాణానికి పోయేదాన్ని. వాడు నన్ను తప్ప ఎవరినీ దగ్గరకు రానిచ్చేవాడు కాదు.

బతుకమ్మ పండుగ మొదలయ్యేసరికి పని ఇంకా పెరిగింది. ఊళ్ళకు పోయే జనంతో బస్సులు కిక్కిరిసిపోయేవి. నాన్న ఎప్పుడు పోతున్నాడో, ఎప్పుడు వస్తున్నాడో తెలిసేది కాదు. సాయంత్రం మా వీధి ఆడవాళ్ళు బతుకమ్మలను మధ్యలో పెట్టి ఆడుతుంటే నేనూ వాళ్ళతో పాటు చుట్టూ తిరిగేదాన్ని. కానీ చంకలో తమ్ముడు ఉండేవాడు కాబట్టి చప్పట్లు కొట్టడం మాత్రం కుదిరేది కాదు.

బడికి దసరా సెలవులు ఇచ్చారు. ఆ సెలవుల్లోనే ఒక పొద్దున, డ్యూటీకి బయలుదేరుతూ నాన్న అమ్మతో అన్న మాట నా చెవిన పడింది.

"ఈ యేటికి పెద్దదాన్ని బడి మానిపిద్దాం. చిన్నది నడిచేదాక నీకు చేదోడుగ ఉంటది. మల్లొచ్చే యేడు చూద్దాం."

అమ్మ ఏడుస్తున్న చంటిదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. మా బడిలో పద్యం రాగం తీసి చదవడానికి పంతులమ్మ ఎప్పుడూ నన్నే ముందు నిలబెట్టేది. ఇక నా చోట ఎవరిని నిలబెడుతుందో అని ఆలోచించుకుంటూ తమ్ముడికి అన్నం కలిపాను. వాడు ఆ రోజు మారాం చేయకుండా తిన్నాడు.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ ఇంకా కొన్ని రోజులు ఉందనగా మా మేనత్త వచ్చింది. ఆమె నాన్నకు అక్క. తల్లిదండ్రులు పోయాక ఆమెకు పుట్టిల్లంటే మా కిరాయి ఇల్లే. ఏటా పండుగకు తంగేడు పూలూ, గునుగు పూలూ గోనెసంచిలో కుక్కుకొని బస్సు దిగేది. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. ఆమె మా వీధి మొదట్లో ఉండగానే వచ్చిందని మాకు తెలిసిపోయేది. నాన్న ఎవరి మాటకైనా ఎదురు చెప్పేవాడు కానీ ఆమె మాటకు చెప్పేవాడు కాదు.

వచ్చిన రోజంతా అమ్మ పక్కన కూర్చొని చంటిదానికి నూనె రాస్తూ, ఊరి సంగతులు చెప్తూ గడిపింది. నా బడి సంగతి అమ్మే ఆమెకు చెప్పి ఉంటుంది. మర్నాడు నేను తమ్ముణ్ణి ఎత్తుకొని గుమ్మంలో నిలబడి ఉంటే, వచ్చి వాణ్ణి నా చంకలోంచి దింపింది. వాడు చెల్లెలి వెంట ఆడుకోవడానికి పోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"సక్కగ నిలవడు బిడ్డా."

"సక్కగనే నిలవడ్డ గదా అత్తమ్మా."

నేను నిటారుగా ఉన్నాననే అనుకున్నాను. చంకలో పిల్లవాడు లేకపోయినా నా నడుము మాత్రం వాణ్ణి మోస్తున్నట్టే ఒక పక్కకు ఒరిగి ఉందట. ఆమె రెండు చేతులతో నా నడుము పట్టుకొని సరిగ్గా నిలబెట్టింది. అలా నిలబెడితే నాకు పడిపోతానేమో అనిపించింది. ఆమె చేతులు తీయగానే నడుము మళ్ళీ పాత చోటికే పోయింది.

ఆ మరుసటి రోజు నాన్నకు సెలవు. పొద్దున్నే అందరూ చాయ్ తాగుతుంటే ఆమె గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకుంది.

"తమ్మీ, నేనొక మొక్కు మొక్కిన. మరదలు కాన్పు మంచిగయితే, ఈ ఇంట్ల పెద్దపిల్లను ఒక దినం దేవుని లెక్క కూసోవెడతనని కర్మన్‌ఘాట్ హనుమంతునికి మొక్కిన. దీపాలు పెట్టేదాక పిల్ల ఒక్క పని ముట్టద్దు. ఇయ్యాల ఆ మొక్కు తీర్చాలె."

అమ్మ నెమ్మదిగా అంది. "గిసుంటి మొక్కు నేను యాడ ఇనలే వదినా."

"ఇనకపోతే ఇప్పుడు ఇను."

నాన్న మాత్రం వెంటనే చెంపలు వేసుకున్నాడు. "మొక్కినంక తప్పుతదా అక్కా! కానియ్యి."

మొక్కిన మనిషి పిల్ల పక్కనే ఉండాలనీ, తను కూడా ఇంకో పని చేయకూడదనీ ఆమె మెల్లగా చివర చేర్చింది.

ఆమె నాకు నలుగు పెట్టి తలంటు పోసింది. సాంబ్రాణి పొగ వేసి జడ అల్లింది. పండుగకు కుట్టించిన లంగా అప్పుడే తొడిగింది. వరండాలో పీట వేసి కూర్చోబెట్టి, తను పక్కనే కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఇక ఇంట్లో పని అంతా నాన్న మీద పడింది.

ఆయన బోరింగు దగ్గరికి బిందె పట్టుకొని పోతే అక్కడి ఆడవాళ్ళు నవ్వారు. తెచ్చిన నీళ్ళలో కొన్ని వీధిలో, కొన్ని ఆయన ధోవతి మీద ఒలికాయి. చెల్లెలికి జడ వేయబోతే అది జుట్టు పట్టుకొని ఏడ్చింది. తమ్ముడు పాలు తాగనని గ్లాసు తోసేశాడు. వాడికి ముందు గ్లాసు మీద చెంచాతో టకటకమని కొట్టి చూపిస్తే గానీ తాగేవాడు కాదు. నేను లేవబోయాను. మా మేనత్త నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. లోపల నుంచి అమ్మ అలవాటుగా "ఓ పిల్లా" అని కేకేసి, మొక్కు గుర్తొచ్చి ఆగిపోయేది. పిలిచి ఆగిపోవడమే పొద్దుటి నుంచీ జరుగుతోంది.

నాన్న వరండాలోకి వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. "బిడ్డా, వాని చిన్న గ్లాసు యాడ వెట్టినవ్?"

"దేవున్ని గ్లాసులడుగుతర్రా ఎవరన్న?" అంది మా మేనత్త. ఆయన లోపలికి పోయాడు.

నాకేమో కూర్చుంటే తోచలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తమ్ముడు ఏడ్చినప్పుడల్లా నాకూ ఏడుపొచ్చేది. అది చూసి ఆమె నన్ను లేవదీసి పక్కింటికి తీసుకుపోయింది. పక్కవాటాలో కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. ఆ ఇంటావిడను మేం పిన్నిగారు అనేవాళ్ళం. ఏటా దసరాకు బొమ్మల కొలువు పెట్టేది.

"ఏవిటమ్మా, ఇవాళ చంటాడు లేకుండా వచ్చావు? రోజూ గుమ్మంలోంచే చూసి వెళ్ళిపోతావు. రా, లోపలికొచ్చి హాయిగా కూర్చో," అని పిన్నిగారు చాప పరిచింది.

కొలువు మెట్ల మీద కొండపల్లి ఏనుగు, చెట్టిగారి బొమ్మ, మట్టి కుండల వరుస, కింద మెంతులు చల్లి మొలిపించిన చిన్న పొలం. ఆ పొలంలో అద్దం ముక్కతో చెరువు. ఇన్నాళ్ళూ దూరం నుంచి చూసినప్పుడు ఆ చెరువు నా కంటబడనే లేదు. పిన్నిగారు శనగలు పెట్టింది. ఒకటి రెండు తిన్నట్టు గుర్తు. చెరువు వైపు చూస్తూ చూస్తూ అలాగే కూర్చొని నిద్రపోయాను.

ఆ తరువాతి సంగతి పిన్నిగారు చెప్తే తెలిసింది. నన్ను లేపబోతే మా మేనత్త వద్దందట. అంత ఎదిగిన పిల్లను, కాళ్ళు తన మోకాళ్ళదాకా వేలాడుతుంటే, పసిదానిలా భుజాన వేసుకొని ఇంటికి తెచ్చిందట. వరండాలో నాన్న తమ్ముణ్ణి ఎత్తుకొని నిలబడి ఉన్నాడట. పట్టపగలు, అంత సందడిలో కూడా నేను లేవకపోవడం చూసి జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేశాడట. జ్వరం కాదు, అలసట అని మా మేనత్త చెప్పిందట.

నాకు మెలకువ వచ్చేసరికి దీపాలు పెట్టారు. తల ఆమె ఒడిలో ఉంది. కళ్ళు తెరవబుద్ధి కాక అలాగే పడుకొని విన్నాను.

"గిదంతా గీ పిల్లనే చేస్తుందా అక్కా, రోజు?" నాన్న గొంతు.

"నన్నడుగుతవేంది? ఇల్లు నీది."

అమ్మ ఏడుస్తోంది. "నాకే చాతనైతలేదు వదినా. లేస్తే కండ్లు తిరుగుతున్నయి. పిల్లకు చెప్పకుండ ఎట్ల?"

"నిన్నెవరన్నరు మరదలా? బాలింతవు. నువ్వు పండుకోవాలె, తినాలె. నేను మాట్లాడేది వీనితోటి." తరువాత ఆమె గొంతు తగ్గింది. "అయ్య, అవ్వ కూలికి పోతే నిన్ను నేను గిట్లనే మోసిన తమ్మీ. నీకు యాదికుండదు. నాకు బడి అని ఒకటుంటదని గుడ తెల్వది. తెల్వనిదానికి నేనేం ఏడుస్త? దీనికి తెలుసు."

నాన్న వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అరికాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. రోజంతా నీళ్ళలో నానిన ఆ చెయ్యి చల్లగా ఉంది.

"సెలవులైనంక బడికి పోతది," అన్నాడు.

అన్నమాట ప్రకారమే పంపాడు. అడిగి మధ్యాహ్నం డ్యూటీ వేయించుకొని, పొద్దుటి నీళ్ళూ, తమ్ముడి స్నానమూ తను చూసుకున్నాడు. ఆయన వెళ్ళాక నేను బడి నుంచి వచ్చేదాకా తమ్ముడు పిన్నిగారింట్లో ఉండేవాడు. మొదట్లో ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. తరువాత ఆమె పెట్టే పప్పన్నానికి అలవాటుపడి, నేను పిలిచినా వచ్చేవాడు కాదు. మా మేనత్త చేను పని మామయ్యకు వదిలేసి దీపావళి దాకా ఉండిపోయింది. మామయ్య రెండుసార్లు కబురు పంపినా కదలలేదు. ఆ నెలలో అమ్మ ముఖంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. అంతకుముందు, సద్దుల బతుకమ్మ సాయంత్రం అమ్మే తమ్ముణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకొని నన్ను ఆడుకొమ్మని పంపింది. ఆ ఏడు మొదటిసారి నేను రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాను. నాకు లయ తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

మా మేనత్త ఊరికి పోయే ముందు నన్ను కర్మన్‌ఘాట్ గుడికి తీసుకుపోయింది. ప్రదక్షిణ చేస్తూ అడిగాను, మొక్కు తీరిందా అత్తమ్మా అని. ఆమె ఆగి చుట్టూ చూసి, నా చెవిలో చెప్పింది. "ఏం మొక్కు బిడ్డా? నేను గీ గుడికి వచ్చుడే ఇది మొదలు." వెంటనే దేవుడి వైపు తిరిగి చెంపలు వేసుకుంది. "తప్పైతే కాయి తండ్రీ." ఇద్దరం నవ్వు ఆపుకోలేక గుడి మెట్ల మీద కూర్చుండిపోయాం.

నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఇప్పుడు ఎల్బీనగర్‌లో మనవళ్ళ మధ్య ఉన్నాను. మా మేనత్త పోయి చాలా ఏళ్ళయింది. దసరా నెల వచ్చిందంటే బంధువుల ఇళ్ళలో పండుగలూ, బారసాలలూ, పిలుపులూ ఊపిరి సలపనివ్వవు. వెళ్ళిన ప్రతి ఇంట్లో అందరూ ఉయ్యాల చుట్టూ చేరతారు. నేను మాత్రం ఆ ఇంటి పెద్దపిల్ల ఎక్కడుందో వెతుకుతాను. ఏ వంటగది గుమ్మం దగ్గరో పళ్ళెం పట్టుకొని నిలబడి ఉంటుంది. పిలిచి, ఎంత ఎదిగిందైనా సరే, నా ఒడిలో కూర్చోబెట్టుకుంటాను. మొదట సిగ్గుపడుతుంది. బరువు నా మీద పడకుండా కాళ్ళు నేల మీద ఆనించుకొని కూర్చుంటుంది. నేను వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచుతాను. కొంతసేపటికి ఆ కాళ్ళు నేలను వదిలేస్తాయి.