అంచు కత్తిరించిన కాగితం

ఆ వర్క్‌షాపులో ఆయనను పేరు పెట్టి పిలిచేవారు లేరు. ఎదురుగా ఉంటే "ఫోర్మన్ గారు", వెనక్కి తిరిగితే "స్కేలు". జేబులో స్టీలు స్కేలు లేకుండా ఆయనను చూసినవాళ్ళు లేరు మరి. లేతుల మీద పనిచేసేవాళ్ళకు ఆయన రోజూ చెప్పే పాఠం ఒక్కటే: "డ్రాయింగ్ చదవకుండా మిషన్ ముట్టుకోకండి. డ్రాయింగ్ అంచు చింపకండి. చదవాల్సిన సంగతంతా అక్కడే ఉంటుంది." ఈ మాట అనని రోజు ఆయనకు అన్నం సహించేది కాదు.

అలాంటి మనిషి యాభై రెండో ఏట బేస్ గిటార్ పట్టాడు. కూతురు డ్రమ్స్ వాయిస్తుంది. దాని స్నేహితురాలు, కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే పిల్ల, గిటార్ వాయిస్తూ పాడుతుంది. పాడుతుందని మర్యాదకు అనాలి గానీ, వాళ్ళ పంక్ రాక్ పాటల్లో సగం అరుపులే. బేస్ వాయించే మూడో పిల్లకు ఇంకో ఊళ్ళో ఉద్యోగం వచ్చి, గిటార్ వీళ్ళింట్లో వదిలేసి వెళ్ళిపోయింది. నెలరోజుల్లో ప్రదర్శన. మనిషి దొరక్కపోతే బ్యాండ్‌కి మంగళం పాడేయడమే.

"నాన్నా, నువ్వు నేర్చుకోరాదూ? ఉన్నవి నాలుగే తీగలు," అంది కూతురు భోజనాల దగ్గర. ఊహ తెలిశాక ఆ పిల్ల తండ్రిని అడిగిన మొదటి సాయం అది. కాదనడానికి ఆయనకు నోరెలా వస్తుంది?

కూతురు పాట ట్యాబ్ అచ్చు తీసి ఇచ్చింది. అందులో స్వరాలూ గట్రా ఏమీ ఉండవు. నాలుగు అడ్డగీతలు, వాటి మీద అంకెలు. గీత ఏ తీగో చెబుతుంది, అంకె ఎన్నో గడిలో నొక్కాలో చెబుతుంది. "ఓస్, ఇదీ డ్రాయింగే కదా!" అనుకున్నాడు. వంటింటి అల్మరా తలుపుకు అంటిద్దామంటే కాగితం కాస్త వెడల్పయింది. స్కేలు పెట్టి ఎడమ అంచు నీటుగా కోసేశాడు. ఏ గీత ఏ తీగో తెలిపే నాలుగు అక్షరాలు ఆ ముక్కతోనే చెత్తబుట్టలో పడ్డాయి.

పై గీత పై తీగ, కింది గీత కింది తీగ అనుకున్నాడు. ఉన్న సంగతి సరిగ్గా దానికి వ్యతిరేకం. ట్యాబ్‌లో అట్టడుగు గీత లావు తీగది. గిటార్ ఒళ్ళో పెట్టుకుంటే ఆ తీగే అన్నిటికన్నా పైన ఉంటుంది. మూడు వారాలపాటు ఆయన సన్న తీగ మీద అయిదో గడి ఎనిమిదిసార్లు, మూడో గడి ఎనిమిదిసార్లు నొక్కి వేళ్ళు బొబ్బలెక్కించుకున్నాడు.

"అంత లావు తీగలు రెండు ఊరికే ఎందుకు పెట్టారే?" అని భార్యను అడిగాడు కూడా.

"నన్నడుగుతారేం? అమ్మాయినడగండి."

అడగలేదు. ఫోర్మన్ ఒకరిని అడుగుతాడా! యాంప్లిఫయర్ లేని ఆ గిటార్ చప్పుడు పక్కగదికైనా వినిపించేది కాదు. అసలు పాటతో కలిపి వాయిద్దామంటే దాని వేగం అందేది కాదు. తప్పు అలా దాగిపోయింది.

సైకిళ్ళ దుకాణం మీది గదిలో, యాంప్లిఫయర్లు పెట్టి రిహార్సల్. పాట మొదటి పంక్తికే చెవులు మూసుకోవలసి వచ్చింది. ఆయన లేతు ఆపించినట్టు చెయ్యెత్తాడు.

"ఏమ్మాయ్, నీ గిటార్ శ్రుతి తప్పింది. చూసుకో."

గిటార్ పిల్ల తీగలు బిగించే మరల మీద వేళ్ళు తిప్పింది. మళ్ళీ వాయించారు. మళ్ళీ అదే మోత.

"మొక్కుబడిగా తిప్పితే ఎలా? చేసే పని మీద శ్రద్ధ ఉండక్కర్లేదూ?"

కూతురు "నాన్నా..." అని గొణిగింది. ఆ పిల్ల తలొంచుకుని మళ్ళీ ఆ మరల మీదే వేళ్ళాడించింది. మర్నాడు, ఇక తాను రానని కబురు పెట్టింది.

"ఇది నీకివ్వాలనుకున్నా. ఇంకెందుకులే," అంటూ కూతురు రెండో పాట కాగితం బల్లమీద పడేసి వెళ్ళిపోయింది. ఆ కాగితానికి అంచు ఉంది. అంచున నాలుగు అక్షరాలు. రోజూ శ్రుతి చేసుకునేటప్పుడు ఫోన్లో చూసే అక్షరాలే, కానీ తలకిందులుగా. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అల్మరా మీది కాగితం పీకేసి, వేళ్ళు నొప్పని గిటార్ అటకెక్కిస్తే ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆ ఆలోచనతోనే గడిపాడు, సిగ్గులేకుండా. మూడో రోజు మధ్యాహ్నం కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాడు.

"అమ్మా, తప్పు నీ గిటార్‌ది కాదు. నేనే ట్యాబ్ తలకిందులుగా చదివాను."

"తెలుసు అంకుల్," అంది ఆ పిల్ల, అద్దం తుడుస్తూ. "మీ వేళ్ళు చూడగానే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"పెద్దవాళ్ళు, పైగా దాని నాన్న. దాని ముందు ఎలా చెప్పను? మరలు తిప్పినట్టు నటించానంతే. రోజూ అలా నటించడం నా వల్ల కాదు, అందుకే రానన్నాను."

ఆయనకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఈ మాట అమ్మాయి ముందు కూడా చెబుతాను. నువ్వు రా తల్లీ," అన్నాడు. వస్తానంది.

వర్క్‌షాపుకు తిరిగి రాగానే అలవాటుగా ఒక లేతు దగ్గర ఆగాడు. "కొలత తప్పింది, మార్చు," అన్నాడు. పన్నెండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి "అలాగే సార్" అని తలొంచుకుని కొలత మార్చే చక్రం మీద చెయ్యి వేశాడు. చక్రం కదల్లేదు, చెయ్యి మాత్రం తిప్పినట్టు కదిలింది.

"ఆగు. నువ్వు పెట్టింది సరైనదేనా?"

ఆ మనిషి భయంభయంగా చూశాడు. "సరైనదే సార్."

మరి చెప్పలేదేం అని అడగబోయి, ఆయన నోరు మూసుకున్నాడు.