పరిగెత్తొద్దని పాడితే ఫ్యాక్టరీ పరిగెత్తింది

మన రాయ్‌పూర్ పక్కన ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ మొత్తాన్ని మొన్న మంగళవారం పొద్దున్న పదకొండింటికి నేను ఖాళీ చేయించేశాను. సైరన్ మోగించలేదు, నిప్పంటించలేదు. పాట పాడాను, అంతే! నవ్వకండి, టీ ఒలుకుతుంది. ముందు పూర్తిగా వినండి.

మా రైల్వే క్వార్టర్‌లో వెనక గది ఉంది కదా, చప్పుడు రాకుండా గోడలకి పాత రజాయిలు, అదే బొంతలు, కట్టిన గది. అందులోనే నా రికార్డింగ్. ఒక మైకు, ఒక లాప్‌టాప్, ఫ్రీగా దొరికిన సాఫ్ట్‌వేర్ ఒకటి. ఇన్నాళ్లూ భజనలు, కాలనీ ఆడవాళ్ల పెళ్లిపాటలు, అవే చేశాను. మా ఆయన గూడ్స్ గార్డు. ఇంటికి ఎవరొచ్చినా "మా ఆవిడ లోపల టైంపాస్ చేస్తోంది" అంటారు. ఆ టైంపాస్ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది!

అలాంటిది ఉర్లా ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ సాహూజీ ఎక్కడో నా భజన విని ఫోన్ చేశారు. సేఫ్టీ వీక్ వస్తోందట, గేటు దగ్గర లౌడ్‌స్పీకర్లలో వెయ్యడానికి హిందీలో ఒక పాట కావాలట. నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ల ఎనౌన్స్‌మెంట్లు, పాటలు అన్నీ నావే. జీవితంలో మొదటి బయటి పని! ఇది పాసైతే ఇంట్లో టైంపాస్ అన్న మాట మళ్లీ వినపడదు. ఫెయిలైతే ఆ మాట జన్మంతా వినాలి. నా పరిస్థితి అది.

పాట నేనే రాశాను. "తేల్ గిరా హై, మత్ భాగో! గాడీ ఆయీ, మత్ భాగో!" నేల మీద నూనె పడితే పరిగెత్తొద్దు, బండి వస్తే పరిగెత్తొద్దు అని. "మత్" అంటే వద్దు, "భాగో" అంటే పరిగెత్తండి. పాడింది నేను, చప్పట్లు కాలనీ ఆడవాళ్లవి. లైను చివర మాటకి, అంటే "భాగో"కి మాత్రం, ఎకో ప్లగిన్ వేశాను. ప్లగిన్ అంటే మన సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే చిన్న సామాను లెండి, మిక్సీకి జార్ తగిలించినట్టు. ఆ ఎకో సరిగ్గా చప్పట్ల కిందకొచ్చి పడుతోంది. విడిగా తెలీదు కానీ పాటకి నిండుతనం వచ్చింది. వింటే నాకే ముచ్చటేసింది.

అక్కడితో ఊరుకోవాలా? ఊరుకుంటే నేనెందుకవుతాను!

మా మరిది శ్రీను ఉన్నాడు. పలాస నుంచి ఉద్యోగానికొచ్చి రెండేళ్లయింది, మందిర్ హసౌద్‌లో గది తీసుకున్నాడు. వాడికీ ఈ పిచ్చే. కాకపోతే వాడి సాఫ్ట్‌వేర్ ఖరీదైంది. "ఏటి వదినా, ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఫ్యాక్టరీకి ఇస్తావేటి? దీని సౌండే వేరు. నా దాంట్లో అదే ప్లగిన్ వేసినా ప్రొఫెషనల్‌గా వస్తాది. ఫైనల్ నాకొదిలెయ్" అన్నాడు. నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. అయినా మొదటి పని కదా, భయం! సరే అన్నాను.

నా గొంతు ఫైలు, చప్పట్ల ఫైలు, డోలక్ ఫైలు, ఎకో ప్లగిన్ సెట్టింగు, అన్నీ పంపాను. సోమవారం మధ్యాహ్నం వాడు ఫోన్ చేశాడు. "వదినా, టెంపో ఎంత?" పాట వేగం అన్నమాట, నిమిషానికి ఎన్ని దెబ్బలు అని. ఆ టైముకే వెనకాల గూడ్స్ బండి పోతోంది. నేను గట్టిగా అరిచి చెప్పాను. వాడు "సరే సరే" అన్నాడు.

మంగళవారం పొద్దున్నే పాట వాట్సాప్‌లో వచ్చింది. కుక్కర్ కూస్తుండగా ఫోన్లో విన్నాను. ఏదో తేడా! ఎకో ఎక్కడో కాలు జారినట్టుంది.

"శ్రీనూ, ఎకో తేడాగా ఉందేంట్రా?"

"వదినా, నువ్వు మామూలు సాఫ్ట్‌వేర్ వినీ వినీ అలవాటు పడిపోయావు. నా దాంట్లో సౌండ్ అంతే. కొన్నాళ్లకి చెవికి పడతాది."

చెవికి పడుతుందిట! అదే ప్లగిన్, అదే సెట్టింగు, అదే నా గొంతు. అయినా రెండు సాఫ్ట్‌వేర్లలో రెండు రకాలు. నిజమేనేమో, ఖరీదైంది కదా, నా చెవే నాటుదేమో అనుకుని నోరు మూసుకున్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్న ఏకైక సందర్భం అదే, దానికే ఇంత శిక్ష!

పదకొండుకి ఇద్దరం ఫ్యాక్టరీలో ఉన్నాం. సాహూజీ మర్యాదగా కుర్చీలేయించారు. ఇంతలో జీఎం సాబ్ కూడా కారు దిగారు. "మేడమ్, సర్ కే సామ్‌నే హీ ట్రయల్ కర్ లేతే హైఁ" అన్నారు సాహూజీ. సరే, పెద్దాయన ముందే తేలిపోనీ అన్నాను. పెన్ డ్రైవ్ పెట్టారు, వాల్యూమ్ మొత్తం తిప్పేశారు. షెడ్డు నిండా కూడా హారన్ స్పీకర్లేనని అప్పటిదాకా నాకు తెలీదు. ఇవాళ ట్రయల్ ఉందని షెడ్డులో వాళ్లకీ తెలీదు.

పాట మొదలైంది. లోపల మెషిన్ల రొద. "తేల్ గిరా హై" అన్నది రొదలో కలిసిపోయింది. "మత్" అన్నది చిన్న మాట, అదీ కలిసిపోయింది. తర్వాత చప్పట్లు. ఆ చప్పట్ల కింద దాక్కోవాల్సిన నా ఎకో ఉందే, అది చప్పట్లకీ చప్పట్లకీ మధ్య ఖాళీ చూసుకుని మరీ వచ్చి నిలబడింది!

"భాగో!... భాగో!... భాగో!..."

ఆడమనిషి గొంతు, అదీ నా గొంతు! మీకు తెలుసుగా, నేను కూర బండివాణ్ణి పిలిస్తే పక్క వీధిలో బండి ఆగుతుంది.

ముందు ఒకడు బయటికొచ్చాడు. వెనక పది మంది. తర్వాత షెడ్డు షెడ్డంతా! "కా హోగే? కా హోగే?" అని అరుస్తూ, ఏమైందో ఎవడికీ తెలీదు, అందరూ గేటు వైపే. ఒకాయన చేతిలో టిఫిన్ డబ్బా వదల్లేదు. క్యాంటీన్ వంటాయన గరిటెతో సహా వచ్చేశాడు. ఆఫీసులోంచి అకౌంటెంట్ మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని! పైనుంచి నా గొంతు ఆగట్లేదు, "భాగో! భాగో!" అని తరుముతూనే ఉంది.

నేను శ్రీను వైపు చూశాను. శ్రీను నేల వైపు చూశాడు. అయిపోయింది, మొదటి పనీ ఇదే, ఆఖరి పనీ ఇదే అనుకున్నాను.

సాహూజీ పరిగెత్తి పాట ఆపారు. ఆయన మొహం తెల్లకాగితం. జీఎం సాబ్ గడియారం చూసుకుని, గేటు దగ్గర జనాన్ని చూసి, "సాహూ, పోయినసారి మాక్ డ్రిల్‌లో వీళ్లని బయటికి రప్పించడానికి ఎంత సేపు పట్టింది?" అన్నారు. మళ్లీ ఆయనే అందుకున్నారు: "ఇవాళ రెండు నిమిషాలు కూడా పట్టలేదే! కానీ ఇదేంటి, అందరూ పరిగెత్తుకుంటూ వచ్చారు? పడితే?"

సాహూజీ ఎంత గట్టివాడో చూడండి. ఒక్క క్షణం ఆలోచించి, "సర్, ఇసీలియే తో సర్, యే గానా జరూరీ హై!" అన్నారు. పరిగెత్తుతున్నారు కాబట్టే ఈ పాట కావాలి అని!

అబ్బ! ఆ మనిషికి ఏమిచ్చి రుణం తీర్చుకోను!

జీఎం సాబ్ తలూపి లోపలికి వెళ్లిపోయారు. ఆయన అటు వెళ్లగానే సాహూజీ నా వైపు తిరిగి చేతులు జోడించారు. "మేడమ్, రేపు తొమ్మిదింటికి ఓపెనింగ్. సాయంత్రానికి సరైన పాట రాకపోతే నేను ఇంకెవరినైనా చూసుకోవాలి." అదీ న్యాయమే.

అక్కణ్ణించి తిన్నగా మందిర్ హసౌద్, శ్రీను గది. దారి పొడుగునా వాడు ఒకటే పాట: "సాఫ్ట్‌వేర్ తేడా వదినా, నేనేటి చేస్తాను?" నాకు మండింది. "చుప్! ఇవాళ తేలుద్దాం. నీది గొప్పదా, నాది నాటుదా, పక్కపక్కన పెట్టి చూద్దాం."

సంచిలో వెంట తెచ్చుకున్న నా లాప్‌టాప్ తీసి, వాడి దాని పక్కన పెట్టాను. ముందు రెండింట్లోనూ ఎకో ప్లగిన్ తీసేశాను. విన్నాం. వాడిది కొంచెం బాగున్నట్టే ఉంది! "చూశావా" అన్నాడు. ఆగు అన్నాను. చూస్తే వాడిది కాస్త గట్టిగా వస్తోంది, అంతే. గట్టిగా వస్తే బాగున్నట్టే అనిపిస్తుంది, మా ఆడపడుచు మాటల్లాగ. వాల్యూమ్ సమానం చేశాను. ఇప్పుడు చెప్పు అంటే "రెండూ ఒకలాగే ఉన్నాయి వదినా" అన్నాడు.

చెవిని నమ్మొద్దు, ఇంకో పరీక్ష ఉంది. రెండు పాటలూ ఒకే చోట వేసి, ఒకదాన్ని ఉల్టా తిప్పాలి, అంటే దాని అలలో పైది కిందికి, కిందిది పైకి. వినడానికి తేడా తెలీదు కానీ, రెండూ అచ్చం ఒకటే అయితే ఒకదాన్నొకటి మింగేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది. వేశాను. ప్లే నొక్కాను.

ఏమీ లేదు! ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నా ఫ్రీ సాఫ్ట్‌వేరూ వాడి ఖరీదైన సాఫ్ట్‌వేరూ నా గొంతుని అక్షరం పొల్లు పోకుండా ఒకేలా పలికాయి. నేను లేచి గంతేశాను. కింద ఇంటివాళ్లు "క్యా హువా?" అని అరిచారు.

"ఇప్పుడు ప్లగిన్ వెయ్యి" అన్నాను. రెండింట్లోనూ ఎకో వేసి మళ్లీ అదే పరీక్ష. ఈసారి పాటంతా మాయమైంది, ఒక్క మాట తప్ప. నిశ్శబ్దంలోంచి నా గొంతు: "భాగో... భాగో..."

శ్రీను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

అంటే తేడా ఎకోలోనే ఉంది. ప్లగిన్ ఒకటే, సెట్టింగు ఒకటే. ఆ సెట్టింగులో "టెంపో ప్రకారం" అని టిక్కు కూడా ఉంది. అంటే ఆ ఎకో ఎంతసేపటికి పలకాలో సాఫ్ట్‌వేర్‌లో మనం పెట్టిన టెంపోని చూసి నిర్ణయించుకుంటుంది. వాడి స్క్రీన్ పైన చూశాను. టెంపో డెబ్బై!

"ఓరి దరిద్రుడా! డెబ్బై ఎందుకు పెట్టావురా?"

"నువ్వే కదా చెప్పావు!"

"నేనెందుకు చెప్తాను? నేను చెప్పింది నబ్బే!"

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

నేను పుట్టింది రాయ్‌పూర్‌లోనే. మాట తెలుగే, కానీ లెక్క మాత్రం హిందీ. అప్పడాలు లెక్కపెట్టినా బారా, తేరా అనే పెడతాను. తొంభై అని నా నోటికి రాదు, నబ్బే అనే వస్తుంది. వాడు పలాసవాడు, మధ్యలో గూడ్స్ బండి రొద. నా నబ్బే వాడి చెవికి డెబ్బై అయి చేరింది. గొంతు, చప్పట్లు, డోలక్ అన్నీ ముందే రికార్డ్ చేసిన ఫైళ్లు కాబట్టి టెంపో ఎంత పెట్టినా పాట వేగం మారదు, అందుకే వాడికి అనుమానం రాలేదు. ఎకో ఒక్కటే పాపం డెబ్బైని నమ్మి, మెల్లగా, తీరిగ్గా, చప్పట్లు అయిపోయాక వచ్చింది.

డెబ్బై తీసి తొంభై పెట్టాం. ఎకో వెళ్లి బుద్ధిగా చప్పట్ల కింద పడుకుంది. మళ్లీ ఉల్టా పరీక్ష. పూర్తి నిశ్శబ్దం! శ్రీను రెండు చేతులూ ఎత్తేసి "వదినా, నీ సాఫ్ట్‌వేర్‌కి ఒక నమస్కారం, నీకు రెండు" అన్నాడు. ఆ మాట నేను ఫోన్లో మళ్లీ చెప్పించి రికార్డ్ చేసుకున్నాను. రుజువు ఉండాలి కదా.

సాయంత్రం అయిదుకల్లా పాట పంపాను. బుధవారం తొమ్మిదింటికి ఓపెనింగ్. పాట మోగింది, ఎవరూ కదల్లేదు. జీఎం సాబ్ చప్పట్లు కొట్టారు. ఏడాది పని నాకే ఇచ్చారు! ఇంటికొచ్చి కాగితం మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదువుకుని, అప్పుడే వచ్చిన పక్కింటాయనతో "మా ఆవిడ స్టూడియోలో ఉంటుందండీ, కొంచెం మెల్లగా మాట్లాడండి" అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇవాళ పొద్దున్న సాహూజీ మళ్లీ ఫోన్ చేశారు. మళ్లీ ఏం కొంప మునిగిందో అనుకుంటూ ఎత్తాను. "మేడమ్, పాట బాగుంది. కానీ ఆ మొదటిది, తప్పుది ఉంది చూడండి, దాన్ని డిలీట్ చెయ్యలేదు కదా? జీఎం సాబ్ అడుగుతున్నారు. ఇకనుంచి మాక్ డ్రిల్‌కి సైరన్ వద్దట, అదే వెయ్యాలట."

పాడుతుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టే గాయనులు చాలామంది ఉంటారు. పాట మొదలవగానే జనం లేచి పారిపోవాలని కాంట్రాక్టు రాయించుకున్నది మాత్రం, ఈ రాయ్‌పూర్ మొత్తంలో, నేనొక్కదాన్నే!